అమ్మ అరబ్బీ, అమ్మాన్ అరబ్బీ – నా అనుభవం

ఇవ్వాళ బక్రీద్ మూడో రోజు, క్లాసుల్లేవు, మా వీధిలో షాపులు కూడా సగం మూసే ఉన్నాయి, సో తీరిగ్గా కూర్చొని ఇది రాస్తున్నా. నేనిప్పుడు జోర్డాన్‌లో ఉన్నా, అమ్మాన్‌లో. ఎనిమిది వారాల సమ్మర్ ఇంటెన్సివ్ అరబిక్ కోర్సు, 2023 జూన్ 4న మొదలైంది, సగం అయిపోవచ్చింది. వచ్చినప్పట్నుంచి ఆఫీసు వాళ్ళు, ఊర్లో వాళ్ళు, అరబిక్ డిప్లొమాలో నాతో చదివినోళ్ళు అందరూ అవే అడుగుతున్నారు, ఎట్లా అప్లై చేశావు, ఎంతైంది, ముందు ఏమేం చదువుకొని పోవాలి అని. ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, నేను ప్రిపేర్ అయిన దాంట్లో సగం దేనికీ పనికిరాలేదు, ఎవరైనా ముందే చెప్పుంటే ఆ టైమ్ వేరే దానికి పెట్టేదాన్ని.

మాది రాజంపేట దగ్గర పల్లె. 2022లో అన్నమయ్య జిల్లాలో కలిపారు గానీ మా నోటికి ఇంకా కడప జిల్లానే వస్తది. మా వైపు కువైట్ అంటే పక్కూరు లెక్క, ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో అక్కడుంటారు. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ కూడా కువైట్ పోయింది, పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఖద్దామాగా చేసింది, అంటే ఇంటిపని. అమ్మకి చదువు రాదు, తెలుగులో కూడా సంతకం వరకే. కానీ అరబ్బీ మాట్లాడటం మొదలుపెడితే ఇంక ఆపలేం. చిన్నప్పుడు అమ్మ పాత పాస్‌పోర్టులో అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) స్టిక్కర్ మీద ఆ వంకర అక్షరాలు చూపించి ఇక్కడేం రాసిందిమా అంటే "ఏమోమే, నా పేరే ఉంటాదిలే" అనేది. డిప్లొమాలో చేరిన రెండో నెలలో నేను సొంతంగా చదివిన మొదటి అరబిక్ అదే. పేరు ఉంది. పని అనే చోట ఖాదిమా, అంటే పనిమనిషి అని ఉంది. అమ్మకి చెప్తే "అది నాకు తెల్దా" అని నవ్వి పొయ్యి కాడికి పోయింది.

నేను హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్లో ఇంటర్నేషనల్ పేషెంట్స్ డెస్క్‌లో పని చేస్తా. ఒమన్, యెమెన్, సూడాన్, ఇరాక్ నుంచి వస్తుంటారు పేషెంట్లు, వాళ్ళకి ఇంటర్‌ప్రెటర్లు ఉంటారు, నా పనేమో ఫైళ్ళు, బిల్లులు, రూములు. ఇంటర్‌ప్రెటర్ జీతం నా జీతం కంటే బాగా ఎక్కువ, అది చూసే సాయంత్రం క్లాసుల్లో అరబిక్ డిప్లొమా చేశా, ఫస్ట్ క్లాస్ కూడా వచ్చింది. వచ్చి ఏం లాభం. ఒకరోజు సూడాన్ నుంచొచ్చిన ఒక పెద్దాయన వీల్‌చెయిర్లో కూర్చొని నన్ను చూసి "మోయా, మోయా" అంటున్నాడు. నేను తల గోక్కుంటున్నా, ఏ ధాతువు అయ్యుంటది, ఏ రూపం అయ్యుంటది అని. వార్డ్ బాయ్ వచ్చి గ్లాసులో నీళ్ళు పోసిచ్చాడు. నా పుస్తకంలో నీళ్ళంటే "మాఅ", సూడాన్ వాళ్ళు మోయా అంటారంట, ఇరాక్ వాళ్ళు మాయ్ అంటారంట. రెండేళ్ళు చదివి దాహమేసినోడికి నీళ్ళియ్యలేకపోయా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాట్లాడే చోటికి పోయి నేర్చుకోవాలని అనుకుంది ఆరోజే.

తెలియని వాళ్ళ కోసం అసలు గొడవ ఏంటో చెప్పాలి. అరబిక్ ఒక్కటి కాదు. న్యూస్‌లో, పేపర్లలో, పుస్తకాల్లో ఉండేది ఫుస్‌హా, ఇంట్లో బజార్లో మాట్లాడేది ఆమ్మియా, అది దేశానికో రకం. మన గ్రాంథికం వ్యావహారికం లాంటిదే, కాకపోతే మనకి గిడుగు రామ్మూర్తి పంతులు గారు వచ్చి గొడవపడి ఒక దారికి తెచ్చారు, వీళ్ళకి ఆ గొడవ తేలలేదు, రెండూ అట్లనే పక్కపక్కన నడుస్తున్నాయి. డిప్లొమాలో మాకు నేర్పింది మొత్తం ఫుస్‌హానే. ఆ భాషతో బజారుకు పోవడమంటే రాజంపేట బస్టాండులో నిలబడి "అయ్యా, కడపకుఁ బోవు శకటమెప్పుడు వచ్చును" అని అడిగినట్టు. అర్థం అవుతది వాళ్ళకి. కాకపోతే నవ్వాపుకోలేరు.

ఏ దేశం అనేది పెద్ద ప్రశ్న. ఒకప్పుడు అందరూ డమాస్కస్ పోయేవాళ్ళంట, 2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక ఆ స్టూడెంట్లలో చాలామంది అమ్మాన్ దిక్కు మళ్ళారు. కైరో ఖర్చు తక్కువ, కానీ అక్కడ చెవిన పడేదంతా ఈజిప్ట్ యాస. మొరాకో యాస మిగతా అరబ్బులకే సరిగ్గా అర్థం కాదంటారు. ఒమన్ మనకి దగ్గర, అక్కడ బయటి దేశాల వాళ్ళకి అరబిక్ నేర్పే గవర్నమెంట్ కాలేజీ కూడా ఉంది, కానీ నాకు దొరికే సెలవుకి వాళ్ళ డేట్స్ కుదర్లేదు. మా ఇంటర్‌ప్రెటర్ అన్న ఒకాయన అన్నాడు, షామ్ యాస, అంటే సిరియా, జోర్డాన్ వైపు యాస వస్తే చాలమ్మా, టీవీ సీరియళ్ళ పుణ్యాన అది అందరికీ అర్థమైద్ది అని. సరే అని అమ్మాన్ ఫిక్స్ అయ్యా.

మధ్యలో ఒకసారి తెలివి ఎక్కువై ప్రాక్టీస్ కోసం బార్కాస్ పోయా. పాతబస్తీ దాటాక ఉంటది, నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల బ్యారక్స్ ఉండేవి కాబట్టి ఆ పేరు. లుంగీలు కట్టుకున్న ముసలోళ్ళు కనపడ్డారు, సలాం చెప్పి ఫుస్‌హాలో ఒక వాక్యం వదిలా, వాళ్ళు శుభ్రంగా హైదరాబాదీ ఉర్దూలో "క్యా హోనా బేటీ" అన్నారు. హరీస్ తిని, జాంకాయలు కొనుక్కొని వచ్చేశా.

ఇంక అప్లికేషన్. ఫారం, సర్టిఫికెట్లు, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు అని ఒక పేజీ, ఇవన్నీ మామూలే. కష్టమంతా ప్లేస్‌మెంట్ టెస్ట్‌తోనే. రాత పరీక్ష ఆన్‌లైన్లో, చదవడం, గ్రామరు, చిన్న వ్యాసం, అది బాగానే రాశా. ఒక్క ప్రశ్న మాత్రం చేత్తో రాసిన ఉత్తరం స్కాన్ చేసి ఇచ్చారు, దాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతిరాత వేరే ఉంటది అని నాకు ఎవరూ చెప్పలేదు! దాన్ని రుక్‌అ అంటారు, పుస్తకంలో అచ్చయ్యేది నస్ఖ్. రుక్‌అలో రెండు చుక్కలు చిన్న గీత అయిపోతాయి, మూడు చుక్కలు టోపీలాగా అవుతాయి, సీన్ అనే అక్షరానికి మూడు పళ్ళుంటాయి కదా, ఆ పళ్ళు పోయి పొడుగు గీత మిగుల్తది. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ చూసినట్టు ఉంటది. ఇక్కడ టీచర్లు బోర్డు మీద రాసేది అదే. మీరెవరైనా వెళ్ళేటట్టుంటే ఒక నెల ముందు నుంచి రోజుకో పది లైన్లు రుక్‌అ రాయండి, నేను చేయలేదు, మొదటివారం బోర్డు ఫోటో తీసుకొని రూమ్‌మేట్‌తో చదివించుకోవాల్సి వచ్చింది.

ఓరల్ టెస్ట్ సంక్రాంతి సెలవుల్లో పడింది, ఊర్లో ఉన్నా. సిగ్నల్ కోసం వసారాలో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నా. అవతల ఒక మేడం, నవ్వు మొహం, "లిమాదా తద్రుసీన అల్ అరబియ్య", అరబిక్ ఎందుకు చదువుతున్నావు అని అడిగింది. నేను బట్టీ పట్టిన వాక్యం మొదలుపెట్టా, "లిఅన్నీ అఅమలు ఫీ ముస్తష్ఫా", ఎందుకంటే నేను హాస్పిటల్లో పని చేస్తా కాబట్టి అని, ప్రతి మాట చివర విభక్తి సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంటూ, రోడ్డు మీద గుంతలు తప్పించుకుంటూ స్కూటీ నడిపినట్టు. అంతలో అమ్మ టీ తెచ్చింది. స్క్రీన్ మీద అరబ్బు మనిషి కనపడేసరికి ఆగలేకపోయింది, వంగి "శ్లోనిచ్ ఉస్తాదా, జైనా?" అనేసింది, ఎట్లున్నావు టీచరమ్మా, బాగున్నావా అని. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ మేడం మొహం వెలిగిపోయింది, ఇంక నన్నొదిలేసి ఇద్దరూ మొదలుపెట్టారు, ఏ ఊర్లో చేశావు, ఎన్నేళ్ళు, ఎంతమంది పిల్లల్ని పెంచావు, ఐదు నిమిషాలు నేను టీ గ్లాసు పట్టుకొని చూస్తా ఉన్నా. అమ్మ చెయ్యి తిప్పుతా, "వల్లా" అంటా, మధ్యలో తెలుగు కూడా కలిపేస్తా, ఎక్కడా ఆగలేదు. కాల్ అయ్యాక "మంచి మనిషిమే, మన మామా మాదిరే ఉంది" అంది. మామా అంటే అక్కడ యజమానురాలు, ఆయనైతే బాబా, పనోళ్ళు అట్లనే పిలుస్తారు.

వారానికి మెయిల్ వచ్చింది. చదవడం, గ్రామరు నాలుగో లెవెల్, వినడం, మాట్లాడటం రెండో లెవెల్, సగటున మూడో లెవెల్లో వేస్తున్నాం అని. కింద ఒక లైన్, మీ అమ్మగారికి మా సలాములు చెప్పండి అని.

అప్పటికి జూన్‌కి నాలుగున్నర నెలలుంది. నిజానికి ఆ మెయిల్ చూశాక నేను చేయాల్సింది రోజూ గంట అమ్మతో ఫోన్లో అరబిక్ మాట్లాడటం. నేనేం చేశా? గ్రామరు పుస్తకం మళ్ళీ మొదటి నుంచి తీశా. వచ్చిన దాన్నే ఇంకా బాగా చేసుకుందాం అనే దురద ఉంటది కదా. మూడు నుంచి పది వరకు అంకెల రూల్ ఒకటుంది, పుంలింగ పదానికి అంకె స్త్రీలింగ రూపంలో, స్త్రీలింగ పదానికి అంకె పుంలింగ రూపంలో రావాలి, మూడు పుస్తకాలు అంటే "సలాసతు కుతుబ్", మూడు కార్లంటే "సలాసు సయ్యారాత్". దీని మీద రెండు వారాలు పెట్టా. ఇక్కడికొచ్చాక చూస్తే బజార్లో టమాటాలు అమ్మేవాడు ఆ రూల్‌ని అసలు లెక్కే చేయడం లేదు. వాళ్ళు రాసే అంకెలు మాత్రం తప్పకుండా నేర్చుకొని రండి, 5 మన సున్నాలా ఉంటది, సున్నా ఒక చుక్క, 6 ఏమో మన 7 లా. మొదటి రోజు 65 కిర్షులు (దినార్‌లో పైసల్లాంటివి) అని రాసున్న పెరుగు డబ్బా చూసి 70 అనుకున్నా, అది పర్లేదు, ఇంటి నంబర్ తప్పు చదివి ఎవరి తలుపో కొట్టా.

మన తెలుగు మీడియం వాళ్ళకి కొన్ని ఈజీ, అది చెప్పుకోవాలి. అల్ అనే ముక్క వెనక కొన్ని అక్షరాలొస్తే దాంట్లో లామ్ (ల) మాయమై ఆ అక్షరం రెట్టిస్తది, అల్ షమ్స్ కాస్తా అష్షమ్స్ అవుతది, వాటిని సూర్యాక్షరాలంటారు, మిగిలిన పద్నాలుగు చంద్రాక్షరాలు. గసడదవాదేశ సంధి చదివి పదో తరగతి పాసైనోళ్ళకి ఇదేం లెక్క. విభక్తులు కూడా అంతే, డుమువులు ప్రథమా విభక్తి అని పాడుకున్నోళ్ళం. పదాల సంగతైతే చెప్పక్కర్లేదు, జవాబు, తారీఖు, కుర్చీ, కలం, దుకాణం, బాకీ, షరతు, హాజరు, నగదు, అసలు, ఖాళీ, ఇవన్నీ ఉర్దూ మీదుగా మన కోర్టు కచేరీల్లోకి వచ్చిన అరబ్బీ మాటలే, నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటా పోతే దాదాపు రెండొందలు తేలాయి. కానీ అర్థాలు దారిలో మారిపోయాయి, జాగ్రత్త. రద్దు అంటే మనకి క్యాన్సిల్, ఇక్కడ "రద్ద్" అంటే జవాబు. నేనొకసారి క్లాసు రద్దా అని అడగబోయి ఏదో అడిగేశా.

ఉచ్చారణ దగ్గర మాత్రం నా ఫస్ట్ క్లాస్ ఏమీ చేయలేకపోయింది. క వేరే, గొంతు లోపల్నుంచి వచ్చే ఖాఫ్ వేరే. ఖల్బ్ అంటే గుండె, కల్బ్ అంటే కుక్క. తప్పు పలికితే నా గుండెలో ఉన్నావు బదులు నా కుక్కలో ఉన్నావు అవుతది, అరబిక్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదటి నెలలో చెప్పే జోక్ ఇది. నేను ఫోన్లో రికార్డ్ చేసుకుంటా ఖల్బ్ కల్బ్, ఖల్బ్ కల్బ్ అంటుంటే అమ్మ వినీ వినీ అంది, "ఏందిమే ఆ తిప్పలు, గల్బ్ అంటే గుండె, చల్బ్ అంటే కుక్క, దాంట్లో తికమక ఏముండాది". నిజమే, కువైట్ యాసలో ఖాఫ్ గ అవుతది, కొన్నిచోట్ల కాఫ్ (మామూలు క) చ అవుతది, వాళ్ళకి ఆ జోక్ పుట్టే ఛాన్సే లేదు. అమ్మాన్ వచ్చాక మూడోది తెలిసింది, ఇక్కడ సిటీ ఆడవాళ్ళు ఖాఫ్‌ని మింగేసి "అల్బ్" అంటారు, కాఫీని "అహ్వె" అంటారు, అదే కాఫీని మా టాక్సీ అతను "గహ్వ" అన్నాడు, అమ్మ లాగానే. ఐన్ అనే అక్షరం గురించి ఏం రాయలేను, గొంతులో చేప ముల్లు ఇరుక్కున్నప్పుడు మనిషి చేసే శబ్దం, నాకు ఇంకా పది సార్లలో నాలుగు సార్లే వస్తది.

డబ్బు సంగతి, అందరూ అడిగేది ఇదే. ఫీజు 1,400 దినార్లు, నేను కట్టినప్పుడు దినార్ 116 రూపాయలు, అంటే లక్షా అరవై రెండు వేలు. ఇంకో అమ్మాయితో కలిసి రూమ్, నా వాటా నెలకి 130 దినార్లు. టికెట్ రానూపోనూ 46 వేలు. జోర్డాన్ దినార్‌ని డాలర్‌కి కట్టేశారు, దినార్‌కి 1.41 డాలర్లు, అందుకని మన రూపాయి పడితే మన ఖర్చు పెరుగుద్ది. అమ్మకి దినార్ అంటే కువైట్ దినారే, దాని రేటు దీనికి రెండింతల పైన, ఫీజు వినగానే లెక్కేసి గుండె పట్టుకుంది, పది నిమిషాలు పట్టింది సర్ది చెప్పడానికి. మూడేళ్ళ చిట్టి డబ్బులు, కొంచెం పీఎఫ్, రెండు గాజులు బ్యాంకులో. ఆఫీసులో రెండు నెలలు జీతం లేని సెలవు. మొదట ఇయ్యలేం అన్నారు, తర్వాత వచ్చాక రెండేళ్ళు మానకూడదని బాండ్ రాయమన్నారు, రాసిచ్చా, ఏం చేస్తాం.

వీసా విషయంలో నేను చేసిన ఒక మంచి పని జోర్డాన్ పాస్ ముందే ఆన్‌లైన్లో కొనడం. నేనొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో సింగిల్ ఎంట్రీ వీసా ఒక్కటే 40 దినార్లు, పెట్రా (కొండల్లో చెక్కిన పాతకాలం ఊరు) చూడాలంటే ఒక రోజు టికెట్ 50, పాస్ 70కి రెండూ వచ్చేస్తాయి, కనీసం మూడు రాత్రులు ఉంటే చాలు. నెల దాటి ఉండాలంటే పోలీస్ స్టేషన్‌కి పోయి పొడిగించుకోవాలి, వచ్చే వారం ఆ పనుంది నాకు, పోలీస్ స్టేషన్‌లో మాట్లాడే వాక్యాలు ఇప్పట్నుంచే బట్టీ కొడుతున్నా.

పేపర్లు మాత్రం ఒక ఫైల్లో ప్రింట్లు పెట్టుకోండి, ఫోన్లో ఉన్నాయిలే అనుకోవద్దు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో జరిగింది చెప్తా. మన దేశం నుంచి పనికి పోయేటప్పుడు ఎమిగ్రేషన్ చెక్ ఉండే పద్దెనిమిది దేశాల్లో కువైట్, సౌదీలతో పాటు జోర్డాన్ కూడా ఉంది. నాకు డిగ్రీ ఉంది కాబట్టి నా పాస్‌పోర్టుకి ఆ చెక్ లేదు, అయినా ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఆయన నా పుట్టిన ఊరు చూశాడు, వయసు చూశాడు, జోర్డాన్ చూశాడు, పెన్ను పక్కన పెట్టాడు. ఎవరు పంపిస్తున్నారు, ఏజెంట్ ఎవరు, ఎంత కట్టావు. ఏజెంట్ లేడు సార్, చదువుకోడానికి అంటే, అరబ్బీ చదువుకోడానికా, నువ్వా అన్నాడు. పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాలు. కూర్చున్నంత సేపు కోపంతో చెవులు వేడెక్కాయి, తర్వాత ఫ్లైట్లో ఆలోచిస్తే ఆయన మీద కోపం తగ్గింది, మా వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్ళని విజిట్ వీసా అని చెప్పి ఏజెంట్లు ఇళ్ళల్లో పనికి పెట్టారో నాకు తెల్వదా. అయినా ఆ "నువ్వా" అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటది. అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు, రిటర్న్ టికెట్, ఆఫీసు సెలవు లెటర్, రూమ్ అడ్రస్ అన్నీ వరసగా తీసిచ్చా, పై ఆఫీసర్ ఒకాయన చూసి "ఆల్ ది బెస్ట్ అమ్మా" అని స్టాంప్ కొట్టించాడు.

హైదరాబాద్ నుంచి అమ్మాన్‌కి డైరెక్ట్ లేదు, నేను కావాలనే కువైట్ మీదుగా తీసుకున్నా. నాలుగు గంటలు ట్రాన్సిట్. బయటికి పోనియ్యరు కదా, అద్దంలోంచి కనపడేది రన్‌వే, ఇసుక రంగు ఆకాశం. అమ్మకి వీడియో కాల్ చేసి అద్దం వైపు తిప్పి చూపించా. "అంతా మారిపోయింది మే" అంది, నిజానికి అక్కడ కనపడేదేం లేదు. అమ్మాన్‌లో దిగాక తల పైకెత్తి చూస్తే బోర్డు మీద "అల్ వుసూల్" అని ఉంది, అరైవల్స్ అని. మన వసూలు అదే మాట, వచ్చి చేరడం. అంత అలసటలో కూడా అక్కడ నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నా.

సామాన్లు ఏం పెట్టుకోవాలి అంటే, పచ్చళ్ళు రెండు కేజీలు చాలు, బియ్యం వద్దు, ఇక్కడ దొరుకుతది. కడప ఎండలకి అలవాటైన దాన్ని కదా అని అన్నీ కాటన్లే తెచ్చా, అమ్మాన్ కొండల మీద ఊరు, పగలు ఎండ గట్టిగానే ఉన్నా సాయంత్రమయ్యే సరికి చల్లగాలి, మూడో రోజు ఒక స్వెట్టర్ కొన్నా. చెప్పులు కాదు, మంచి షూ తెచ్చుకోండి, ఈ ఊర్లో ఎటు పోయినా మెట్లే.

కోర్సు ఎట్లుంటదంటే, ఆదివారం నుంచి గురువారం, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు, ఇంటికొచ్చాక హోంవర్క్ నాలుగు గంటలు, రోజుకి నలభై కొత్త మాటలు. మొదటి రోజు ఇంగ్లిష్ మాట్లాడము అని సంతకం పెట్టించుకున్నారు. గ్రామరు కూడా అరబిక్‌లోనే చెప్తారు, కాబట్టి ఫిఅల్ (క్రియ), ఫాఇల్ (కర్త), మఫ్ఊల్ (కర్మ), మాదీ (భూతకాలం), ముదారిఅ (వర్తమానం) ఇట్లాంటి మాటలు వచ్చేముందే నోటికి రావాలి, లేకపోతే రూల్ తెలిసి కూడా టీచర్ ఏ రూల్ గురించి చెప్తుందో తెలీదు. నాకదే అయ్యింది. మూడో లెవెల్లో మూడు రోజులు కూర్చున్నా, నోరు పెగల్లేదు, చెవి పట్టుకోలేదు, రాత్రి బాత్రూమ్‌లో ఏడ్చా కూడా. నాలుగో రోజు ఆఫీసుకి పోయి నన్ను రెండుకి దించండి అని అడిగా. కట్టిన డబ్బుకి కింది లెవెలా అని మనసు పీకింది గానీ, దిగాకే నోరు తెరుచుకుంది. రూమ్‌మేట్ ఇండోనేషియా అమ్మాయి, ఖురాన్ చదివి చదివి అక్షరాలు ముత్యాల్లా పలుకుతది, మాట్లాడమంటే మాత్రం నాలాగే నీళ్ళు నములుతది, ఇద్దరం బాగా కలిసిపోయాం. నా పేరు పద్మ, అరబిక్‌లో ప లేదు, సో నేనిక్కడ బద్మ.

అమ్మ అరబ్బీ ఎంత పనికొచ్చింది అంటే, చెవికి చాలా. చిన్నప్పట్నుంచి విన్న శూఫ్ (చూడు), జీబ్ (తీసుకురా), రూహీ (పో), ఖలాస్ (అయిపోయింది) ఇవన్నీ ఇక్కడ కూడా నడుస్తాయి, భయం పోతది. కానీ నోట్లో పెట్టుకుంటే ఇబ్బంది కూడా. నేను అప్రయత్నంగా "అబీ" అంటా, కావాలి అని, ఇక్కడ "బిద్దీ" అనాలి, పుస్తకంలో "ఉరీదు". ఇప్పుడు అనడానికి అమ్మది "అల్‌హీన్", ఇక్కడ "హల్ల", పుస్తకంలో "అల్ ఆన్". అదీగాక నువ్వు అనడానికి అమ్మ మాటలో ఆడా మగా లేదు, అందరూ మగవాళ్ళని అనే "ఇంతా"నే, కువైట్‌లో పనోళ్ళ భాష అట్లనే తయారైంది, యజమానులు కూడా వాళ్ళతో అట్లనే మాట్లాడతారు. క్లాసులో నేను మేడంని ఇంతా అన్నప్పుడు ఆమె ఆగి, ఇది ఎక్కడ నేర్చుకున్నావు అని మెల్లగా అడిగింది. ఇంట్లో అని చెప్పా. కూరగాయల షాపతను మాత్రం నా అబీ విని "కువైతియ్యా!" అని పెద్దగా నవ్వి ఒక నిమ్మకాయ ఎక్కువేశాడు. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ "ఒకటేనా" అంది.

మొన్న పండగ రోజు పొద్దున్నే ఇంటి ఓనరమ్మ ప్లేటు పట్టుకొని తలుపు కొట్టింది. ఇక్కడ పెద్దవాళ్ళని పేరుతో పిలవరు, ఉమ్ అని పెద్దకొడుకు పేరు కలిపి పిలుస్తారు, మా ఊర్లో ఫలానా వాళ్ళమ్మ అన్నట్టే. ప్లేటులో ఖర్జూరం పెట్టి చేసిన గుండ్రటి బిస్కట్లు, పైన పంచదార పొడి. "తఫద్దలీ, మఅమూల్" అంది, తీసుకోమని. మఅమూల్ అంటే చేసినది అని, మన మామూలు ఇదే మాట. పండక్కి ఓనరే వచ్చి మామూలు ఇవ్వడం నా జీవితంలో మొదటిసారి. ఆవిడకి ఈ జోక్ అరబిక్‌లో చెప్దామని చూశా, లంచం అనే మాట రాలేదు, "రిష్వా" అని తర్వాత చూశా డిక్షనరీలో. వచ్చే పండక్కి చెప్తా అనుకున్నా, వచ్చే పండక్కి నేను రాజంపేటలో ఉంటా.

ఇంకా చాలా ఉంది రాయడానికి, లీవ్ లెటర్ ఫార్మాట్, ఇన్సూరెన్స్ అవీ ఎవరికైనా కావాలంటే అడగండి పంపిస్తా. ఇప్పుడు మాత్రం లేవాలి. అమ్మాన్‌లో నీళ్ళు వారానికోసారే వదుల్తారు, మేడ మీద ట్యాంకు నింపుకొని వారమంతా జాగ్రత్తగా వాడుకోవాలి. రూమ్‌మేట్‌కి, క్లాసులో ఉన్న జర్మనీ వాళ్ళకి ఇది పెద్ద షాక్, నాకు ఈ ఒక్క విషయంలో ప్రిపరేషన్ అక్కర్లేకపోయింది, రాయలసీమలో పుట్టినందుకు. మా వీధికి శుక్రవారం వస్తాయి. పైన ట్యాంకులో పడే చప్పుడు మొదలైంది, రెండు బకెట్లు బట్టలున్నాయి, ఆ పిల్ల నిద్ర లేచేలోపు నావి నానబెట్టాలి.